వణుకు లేని బొంగరం

సుడికోట నగరానికి ఎండ కూడా తిన్నగా రాదు. తూర్పున ఆకాశాన్ని అంటుకుని నిలిచిన సుడికొండ చుట్టూ, మాంత్రికుడు ఘూర్ణకుడు తిప్పి వదిలిన ధూళిమేఘం ఎప్పుడూ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఆ ధూళిలోంచి వడకట్టుకుని దిగే ఎండ మేడల మీది బంగారు కలశాలపై ఒకసారి తళుక్కుమని, మరుక్షణం మాసిపోయి, మళ్లీ తళుక్కుమంటుంది. వీధికి రెండు వైపులా చంద్రకాంత శిలల అరుగులు, గుమ్మాలకు దంతపు తోరణాలు, మిద్దెల మీద నెమళ్లకు పచ్చరాతి గూళ్లు. ఇంత వైభవమున్న ఊళ్లో తిరిగే వస్తువంటూ ఒక్కటి లేదు. రాట్నాలు లేవు, కుమ్మరి సారెలు లేవు, గానుగలు లేవు, ఆఖరికి పిల్లల చేతుల్లో బొంగరాలు కూడా లేవు. అన్నిటినీ ఘూర్ణకుడు కుప్ప పోయించి తగలబెట్టించాడు. లోకంలో తిప్పే హక్కు తన ఒక్కడికే ఉండాలని ఆ మహానుభావుడి పంతం.

అలాంటి ఊళ్లో, పట్టపగలు, పాడుబడిన గజశాలలో వైజయంత దేశపు యువరాజు కేదారుడు గోచీ బిగించి, ఒళ్లంతా చెమటలు కారుతుండగా తరిమెన తాడు లాగుతున్నాడు.

ఆ తరిమెన ఎంతో పెద్దదేం కాదు. పీట మీద నిలబెట్టిన రెండు గుంజలు, వాటి మధ్య ఒక ఇరుసు, ఇరుసు చివర బిగించిన కర్రముక్క, ఇరుసు నడుముకు చుట్టిన తాడు. ఒకరు తాడును ఇటూ అటూ లాగుతుంటే ఇరుసు తిరుగుతుంది, రెండోవారు తిరిగే కర్రకు ఉలి ఆనించి నున్నగా చెక్కుతారు. కుంకుమ భరిణెలు చేసుకోవడానికి పుట్టిన బుల్లి తరిమెన కాబట్టే అక్కుమాంబ దాన్ని గోనెలో చుట్టి, ఏనుగుల మేత తొట్టిలో దాచేసింది. ఊళ్లోని పెద్ద తరిమెనలన్నీ బూడిదయ్యాయి, ఇదొక్కటే మిగిలింది.

అక్కుమాంబ సుడికోటలో తరిమెన పట్టే ఇంటి చివరి మనిషి. పొట్టిగా, పుష్టిగా ఉంటుంది. తనంత పనిమంతురాలు ఏడు దేశాల్లో లేదని ఆమె గట్టి నమ్మకం, అది నలుగురికీ చెప్పడానికి మొహమాటపడే అలవాటు లేదు. యువరాజు మారువేషంలో వచ్చి కాళ్ల మీద పడినప్పుడు కూడా, మనిషి దొరికాడు కదా, ముందు తాడు లాగడం నేర్చుకోమంది.

కేదారుడు కాళ్ల మీద పడ్డది ఊరికే కాదు. అతని తమ్ముడు మణిధరుడు సుడికొండ గుహలో ఒక మహాసర్పం చుట్లలో చిక్కుకుని ఉన్నాడు. పాము నిద్రపోతూనే ఉంటుంది, దాని చుట్లలో ఉన్నవాడు పాదాల నుంచి పైకి మెల్లమెల్లగా కర్రగా మారిపోతుంటాడు. పొద్దున్నే ఘూర్ణకుడు వీధి వీధినా డప్పు వేయించాడు. వైజయంత రాకుమారుడు నడుము దాకా కర్రయ్యాడు, పొద్దు గూకేసరికి తల కూడా కర్రవుతుంది, తీరిక ఉన్నవాళ్లు రేపు వచ్చి చూసుకోవచ్చు అని. ఆ డప్పు విన్నప్పుడు కేదారుడు అరుగు పట్టుకుని నిలబడ్డాడు.

విడిపించే ఉపాయం ఒక్కటే ఉంది. అడవిలో ముని చెప్పాడు. ఆ పాము పడగ మీద పళ్లెమంత చదునైన మణి ఉంది. దాని మీద చండ్ర మాను చేవతో చేసిన బొంగరాన్ని వణుకు లేకుండా తిప్పగలిగితే, పాము నిద్రలోనే చుట్లు ఒక్కొక్కటే వదులుతుంది. బొంగరం మేకు దగ్గర రవ్వంత అదురు పుట్టిందా, కళ్లు తెరుస్తుంది, చుట్లు బిగిస్తుంది, అంతే సంగతులు. ఊళ్లో తిరిగే వస్తువులన్నిటినీ మాంత్రికుడు ఎందుకు కాల్పించాడో కేదారుడికి అప్పుడు అర్థమైంది. ముని తన పర్ణశాల దూలంలోంచి ఒక చండ్ర ముక్క కోసి ఇచ్చాడు. దానికి జోడు లేదు. అది చెడితే మరొకటి తెచ్చే వ్యవధీ లేదు.

ఆ ముక్క ఇప్పుడు తరిమెన ఎక్కింది, తరిమెన పూనకం వచ్చినట్టు ఊగుతోంది.

దడదడదడమని గుంజలు కొట్టుకుంటున్నాయి. పీట నేల మీద జరుగుకుంటూ గోడ వైపు పోతోంది. అక్కుమాంబ ఉలి ఆనించిన చోటల్లా కర్ర మీద నున్నటి గాడి పడాల్సింది పోయి, చెరువు మీద గాలి తోలినట్టు అలలు అలలుగా గీతలు పడుతున్నాయి. పాడు గజశాల గోడలు ఆ చప్పుడును పదింతలు చేసి బయటికి పంపిస్తున్నాయి. అవతల వీధిలో నల్ల తలపాగాల సుడిభటులు కావలి తిరుగుతున్నారు.

"ఆపు, ఆపు నాయనా," అంది అక్కుమాంబ ఉలి వెనక్కి తీసి. "తాడు లాగమంటే విల్లు ఎక్కుపెట్టినట్టు ఆ గుంజుడేమిటి? పాలిచ్చే గేదెను పితికినట్టు లాగాలి. గేదెను చూశావా ఎప్పుడైనా?"

గేదెను చూశాను గానీ పితకలేదని కేదారుడు ఒప్పుకున్నాడు. మెత్తగా లాగి చూశాడు. తరిమెన మెత్తగా వణికింది, వణకడం మాత్రం మానలేదు.

ముక్క గుండ్రంగా లేదు, ఒక పక్క బరువెక్కువైంది, అందుకే ఎగిరి పడుతోందని అక్కుమాంబ తేల్చింది. ముక్కను దించి, బాడిసెతో మూలలన్నీ చెక్కి, కంటి ఎదుట పెట్టుకుని తిప్పి చూసి మళ్లీ ఎక్కించింది. కొంత నయమనిపించింది. ఈసారి పీట గోడ దాకా పోకుండా సగం దూరంలోనే ఆగింది.

నేల ఎగుడుదిగుడుగా ఉందని కేదారుడు కనిపెట్టాడు. ఏనుగులు తొక్కి తొక్కి గుంటలు పడ్డ రాతిపలకల మీద పీట మూడు కాళ్ల మీదే నిలబడింది, నాలుగోది గాల్లో ఉంది. దాని కింద చీల కొట్టాడు. ఏనుగుల్ని కట్టేసే ఇనుప గొలుసులు మోసుకొచ్చి పీట మీద కుప్పగా పోశాడు. అంత బరువుకు పీట కదలడం మానింది. హమ్మయ్య అనుకుంటూ తాడు లాగాడు. పీట కదల్లేదు గానీ గుంజలు దడదడలాడాయి, పైగా ఇప్పుడు గొలుసులు కూడా వాటికి తాళం వేస్తూ గలగలమన్నాయి. గొలుసుల మీద గోనె కప్పి ఆ సంగీతం ఆపాల్సి వచ్చింది.

అప్పుడు ఉలి మొండిదేమోనన్న అనుమానం వచ్చింది. సానరాయి మీద నూరారు. ఉలి ఆనించే దిమ్మ కర్రకు మరీ ఎడంగా ఉంది, అందుకే ఉలి మొన ఎగురుతోందని దిమ్మను దగ్గరికి జరిపారు. ఉలి గట్టిగా నిలిచింది. కర్ర మీద మాత్రం మళ్లీ అవే అలలు. ప్రతి ప్రయత్నానికీ చండ్ర ముక్క పొట్టు పొట్టుగా రాలి సన్నబడిపోతోంది. గుమ్మడికాయంత ముక్క మారేడుకాయంత అయింది. ఇంకా తగ్గితే బొంగరం కాదు, పిల్లల గోళీ అవుతుంది.

అక్కుమాంబ ఉలి కింద పెట్టి నిట్టూర్చింది. ఇది పనిలో లోపం కాదు, ఆ పాపిష్టివాడు తన తరిమెన మీద చేతబడి చేయించాడని, తన చేతిలో తరిమెన వణకడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలని అంది. కేదారుడికీ అదే నిజమనిపించింది. మంత్రానికి మంత్రమే కావాలి, మళ్లీ ముని దగ్గరికి పోదామా అంటే పైకప్పు కన్నంలోంచి పడే ఎండ అప్పుడే నెత్తి మీదికి వచ్చేసింది. కర్రతనం తమ్ముడి నడుము కూడా దాటిపోయి ఉంటుంది. ఆ ఆలోచన రాగానే కేదారుడికి ఎక్కడలేని కోపం వచ్చింది. మంత్రమో మాయో తర్వాత సంగతి, ముందు ఈ వణుకు ఎక్కడ పుడుతోందో పట్టుకుని తీరాలనుకున్నాడు.

చండ్ర ముక్కను దించేశాడు. ఉత్త ఇరుసును తిప్పి చూశాడు. వణికింది.

"అమ్మా, చూశావా? ముక్కే లేదు, వణుకుంది. పాపం ముక్కనీ ఉలినీ ఇంతసేపూ ఊరికే తిట్టాం."

అక్కుమాంబ దగ్గరికి జరిగింది. కేదారుడు తాడు కూడా విప్పేసి, ఇరుసును చేత్తో మెల్లగా తిప్పాడు. అప్పుడూ వేళ్లకు తెలుస్తోంది. చుట్టు చుట్టుకూ ఒకే చోట ఇరుసు చిన్నగా ఎక్కి దిగుతోంది, చెప్పులో రాయి పడ్డవాడి నడకలాగా. అతనికి ఆయుధశాల గుర్తొచ్చింది. అక్కడ బాణపు పుల్ల వంకరగా ఉందో లేదో చూడ్డానికి పుల్లను తిప్పుతూ పక్కన రంగు అద్దిన గరిక పెడతారు. ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటుకుంటుంది. ఏనుగుల కుంభస్థలాలకు పూసే సిందూరం గజశాల గూట్లో అడుగంటి ఉంది. దాన్ని ఆముదంతో రంగరించి, గడ్డిపరకకు అద్ది, ఇరుసు పక్కన కదలకుండా పట్టుకుని తిప్పమన్నాడు. అక్కుమాంబ తిప్పింది. ఇరుసు మధ్యలో రంగు చుట్టూరా సమంగా అంటింది. చివరన కూడా సమంగానే అంటింది. మెడ దగ్గర, అంటే ఇరుసు గుంజ రంధ్రంలోకి దూరే చోట, ఒక్క పక్కనే అంటింది.

అక్కుమాంబ ముఖంలో రంగు పోయింది.

"అది పెద్దల బొట్టు," అంది, గొంతు చిన్నదైపోయి.

కేదారుడికి అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఏటా మహర్నవమి నాడు పనిముట్లకు పూజ చేశాక, ఇంటి పెద్ద దీపం మీద లక్క కరిగించి, ఇరుసు మెడ మీద బొటనవేలితో ఒక బొట్టు పెడతాడు. ఆ పూట ఇరుసు తిరక్కూడదు. అందుకని దానికి చీల బిగించి దీపం ఎదురుగా నిలబెడతారు. ఏటా అదే చీల, అదే వైపు. తాత పెట్టిన బొట్టు మీద తండ్రి బొట్టు, తండ్రి బొట్టు మీద భర్త బొట్టు. గీకడం మహాపాపం. తిరిగే వేడికి ఆ లక్క కొంచెం కొంచెం కరిగి, రంధ్రంలోకి పాకి, మళ్లీ కొమ్ములా గట్టిపడింది. తేలికపాటి కుంకుమ భరిణెలకు ఆ తేడా ఏనాడూ తెలియలేదు. మొదటిసారి చండ్ర చేవ బరువు పడేసరికి ఆ లక్క ఒక పక్కకు ఎగదన్ని, ఉత్త ఇరుసుకు కూడా వణుకు పుట్టించింది. వాళ్ల పెద్దలే, పాపం, తరిమెన లోపల కూర్చుని తోస్తున్నారు.

కేదారుడు బాకు తీశాడు. అక్కుమాంబ చెయ్యి అడ్డం పెట్టింది. పైపొర తన భర్తదని, ఘూర్ణకుడి భటులు ఆయన్ని తీసుకుపోయిన ఏడే ఆ బొట్టు పెట్టాడని, ఆ మనిషి గుర్తుగా ఆయన బొటనవేలి ముద్ర తప్ప ఇంట్లో ఏమీ మిగల్లేదని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. కేదారుడు బాకు దించాడు. తనకు తమ్ముడు ఎంతో ఈమెకు ఆ లక్క అంతేనని అతనికి తెలిసింది. బయట వీధిలో చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. అయినా బలవంతంగా లాక్కోవడానికి అతనికి చెయ్యి రాలేదు.

"నీ తమ్ముడి వయసెంత?" అని అడిగింది ఆమె ముక్కు చీదుకుంటూ.

"మొన్ననే మీసం మొలిచింది. మొలిచిందని వాడు అంటాడు, నాకు కనబడలేదు."

అక్కుమాంబ బాకు లాక్కుంది. మొహం పక్కకు తిప్పుకోలేదు, కళ్లు మూసుకోలేదు, తన పని తను చూసే మనిషిలా ఇరుసును ఒళ్లో పెట్టుకుని బరబరా గీకింది. ఎర్రలక్క, పసుపులక్క, ఆకుపచ్చలక్క పొరలు పొరలుగా లేచి ఒళ్లో రాలాయి. అడుగున చేవ నల్లగా తేలింది. లక్క లేచిపోయాక మెడ సన్నమై, రంధ్రంలో లొడలొడలాడింది. ఒక రోగం కుదిరి మరొకటి వచ్చిందని కేదారుడు గాభరా పడ్డాడు గానీ అక్కుమాంబ తన చెప్పు తోలు సన్నటి పట్టీగా కోసి, ఆముదంలో ముంచి, రంధ్రం చుట్టూ బిగువుగా దూర్చింది. ఇరుసు ఎక్కించింది. చండ్ర ముక్క బిగించింది.

"ఇక గేదెను పితుకు," అంది.

కేదారుడు తాడు లాగాడు.

చప్పుడు లేదు. నిజంగా లేదు. తుమ్మెద దూరాన ఎక్కడో పోతున్నట్టు సన్నటి జుమ్మనే నాదం, అంతే. గుంజలు దేవుడి గుళ్లో స్తంభాల్లా నిలబడ్డాయి. ఉలి కింద నుంచి చండ్ర పొట్టు తెగకుండా ఎర్రటి నాడాలా జారుతోంది. కేదారుడికి కేకలు పెట్టి గంతులేయాలనిపించింది, తాడు వదిలితే అక్కుమాంబ చంపేస్తుందని భయపడి ఊరుకున్నాడు. మారేడుకాయంత ముక్క కింద సన్నబడి, పైన పొట్ట వేసి, మెడ దిగి, బొంగరం రూపం తేలుతోంది. ఆ అందం చూస్తుంటే అతని చేతుల్లో పొక్కులు చితికి నెత్తురు కారుతున్న సంగతే తెలియలేదు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల చెప్పులు ఆగాయి. ఇందాక ఇక్కడే దడదడ వినిపించిందని ఒక భటుడు అంటున్నాడు. రెండోవాడు చెవి గోడకు ఆనించి, తుమ్మెదలు తప్ప ఏమీ లేవన్నాడు. అక్కుమాంబ కళ్లతోనే లాగమంది, ఆపితే ఉలి కర్రలో దిగబడి బొంగరం చెడుతుంది. కేదారుడు ఊపిరి బిగబట్టి లాగాడు. గోడకు అవతల చెవి, ఇవతల తరిమెన, మధ్య జానెడు రాయి. రెండోవాడు నవ్వి వెళ్లిపోయాడు. మొదటివాడు మాత్రం అనుమానపు పక్షి. గజశాల తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

సరిగ్గా ఆ క్షణాన అక్కుమాంబ ఉలి ఎత్తేసి, అయిపోయిందన్నట్టు తలూపింది. కేదారుడు తాడు గుంజుకుని ఒక్క విసురు విసిరాడు. అది భటుడి కాళ్లకు చుట్టుకుంది. వాడు బోర్లా పడి నోరు తెరిచేలోగా ఆ నోట్లో గోనె పీలిక దూరింది. కొద్దిసేపట్లో వాడు ఏనుగుల మేత తొట్టిలో, తరిమెన ఉన్న చోటే, గోనెలో చుట్టుకుని పడుకున్నాడు. వాడి నల్ల తలపాగా, నల్ల శాలువా, నడుము కత్తి యువరాజు ఒంటి మీద ఉన్నాయి.

అక్కుమాంబ బొంగరానికి ఇనుప మేకు దిగ్గొట్టి, దాని మొన అరగదీసి, బొటనవేలి గోటి మీద నిలబెట్టి తిప్పి చూసింది. తృప్తిగా నాలిక చప్పరించింది. తనలాంటి పనిమంతురాలు ఏడు దేశాల్లో లేదని మరోసారి జ్ఞాపకం చేసి, పొమ్మని అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

కేదారుడు వీధి చివర కట్టేసి ఉన్న ఆ భటుడి గుర్రం ఎక్కి సుడికొండ దారి పట్టాడు. ధూళిమేఘం అంచున సుడిగాలి గోడలా లేచి, పెనుమానుల్ని పుల్లల్లా తిప్పుతోంది. నల్ల తలపాగా చూడగానే అది రెండుగా చీలి దారి ఇచ్చింది. వెనకాల మళ్లీ కలిసిపోయింది. గుర్రం నురగలు కక్కుతూ మలుపు మీద మలుపు తిరిగింది. వెనక పడమట పొద్దు నగరం మేడల మీదికి జారుతోంది. కొండ పైన కోటలో ఘూర్ణకుడు సాయంకాలపు జపంలో ఉన్నాడు, పొద్దు గూకితే గానీ కళ్లు తెరవడు. ఆ ధీమాతోనే కాబోలు గుహ వాకిట కాపలా కూడా పెట్టలేదు. పాము ఉండగా కాపలా ఎందుకు?

గుహ లోపల పగడాల గుట్టలు, వైడూర్యపు నిట్రాళ్లు, పైకప్పు నుంచి వేలాడే స్ఫటిక శిలలు. వాటి నడుమ కొండంత పాము, ఒళ్లంతా ఇత్తడి పొలుసులు మెరుస్తూ, చుట్ట మీద చుట్టగా పడుకుని ఉంది. చుట్ల మధ్య నుంచి మణిధరుడి భుజాలూ తలా మాత్రం బయటికి కనబడుతున్నాయి. మెడ కింది చర్మం మీద అప్పుడే చెట్టు బెరడులా చారలు లేస్తున్నాయి. పెదవులు కదిపి, "అన్నా" అన్నాడు. మాట రాలేదు, ఊపిరే వచ్చింది.

కేదారుడు చిన్నప్పుడు విలువిద్య ఎగ్గొట్టి బొంగరాలాడి గురువుగారి చేత బెత్తం దెబ్బలు తిన్నవాడు. ఆ దెబ్బల బాకీ ఇవాళ తీరింది. తాడు బిగువుగా చుట్టాడు, పాము పడగ పక్కన మోకాలు వంచాడు, గుండె దడ చేతికి దిగకుండా ఊపిరి నిలిపాడు. విసిరాడు.

బొంగరం మణి మీద దిగింది. దిగినచోటే నిలిచిపోయింది. తిరుగుతోందో లేదో తెలియనంత నిశ్చలంగా, చండ్ర చారలు కూడా కనబడకుండా కలిసిపోయి, ఎర్రటి దీపంలా నిలబడింది. పాము గట్టిగా ఊపిరి వదిలింది. పైచుట్టు సడలి కిందికి జారింది. మణిధరుడి మెడ మీది చారలు మాసిపోయాయి. రెండో చుట్టు జారింది, ఛాతీ కనబడింది, ఊపిరి ఎగదన్నుకు వచ్చింది. మూడో చుట్టు జారింది, చేతులు విడిపోయాయి. కేదారుడి కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా కదల్లేదు.

మోకాళ్ల దగ్గర ఆఖరి చుట్టు ఇంకా ఉండగా బొంగరం నాదం మారింది.

ఎంత గొప్పగా చేసిన బొంగరమైనా ఆఖరున వేగం తగ్గి, తల ఊపి, పడిపోవాల్సిందే. ఆ సంగతి ముని చెప్పలేదు. వణుకు పోగొట్టిన సంతోషంలో అక్కుమాంబకూ తట్టలేదు, కేదారుడికీ తట్టలేదు. ఇప్పుడు తట్టింది. బొంగరం తల సన్నగా, ఇంకా మేకు దాకా దిగని సన్నదనంతో ఊగబోతోంది. పాము రెప్పల కింద ఏదో కదిలింది.

కేదారుడు కుడిచెయ్యి చాచి, రెండు వేళ్ల సందు నుంచి బొంగరాన్ని లాఘవంగా పైకి తోడి అరచేతిలోకి తీసుకున్నాడు. వీధుల్లో పిల్లలు చేసే పనే. మణి మీద అదురు లేదు. పాము రెప్పలు మళ్లీ సద్దుమణిగాయి. ఆఖరి చుట్టు నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా జారి నేల మీద పడింది. మణిధరుడు పాదాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడు బొంగరం అన్న అరచేతిలో తల ఊపి, గిలగిలలాడి, పక్కకు ఒరిగింది.

ఆ వణుకు మేకు మొన నుంచి అతని చేతిలోకి దిగింది. చుర్రుమంది. కేదారుడు చూసుకున్నాడు. మేకు ఆనిన చోట చర్మం నల్లబడి, గట్టిపడి, నీటి మీద రాయి వేసినట్టు చుట్లు చుట్లుగా చండ్ర మాను చారలు లేస్తున్నాయి. తమ్ముడి ఒంట్లోంచి దిగిన కర్రతనం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. చారలు చూస్తుండగానే మణికట్టు దాటాయి.

భయం వేసింది. ఆ భయాన్ని దిగమింగి, నల్ల శాలువా చేతి మీదికి లాక్కుని, తమ్ముణ్ని ఎడమచేత్తో పొదివి పట్టుకుని గుర్రం దగ్గరికి పరుగెత్తించాడు. మణిధరుడు నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, కాళ్లు తిరిగి తనవయ్యాయని నేలను తన్ని తన్ని చూసుకుంటున్నాడు. వాడి సంతోషం చూస్తుంటే కేదారుడికి చేతి మంట కాసేపు గుర్తే రాలేదు.

కొండ మీద శంఖం మోగింది. పొద్దు గూకింది, ఘూర్ణకుడు జపం నుంచి లేచాడు. ధూళిమేఘం ఒక్కసారి ఆగి, ఎదురు దిక్కుకు తిరగడం మొదలుపెట్టింది. దానిలోంచి సుడిభటుల గుర్రాల డెక్కల చప్పుడు పైపైకి వస్తోంది.

మణిధరుడు అన్న వెనక గుర్రం ఎక్కబోయాడు. కేదారుడు వాణ్ని ముందు కూర్చోమన్నాడు. యుద్ధంలో అన్నే ముందుండాలని, ఇంతవరకూ ఎప్పుడూ అలాగే ఉన్నాడని మణిధరుడు మొండికేశాడు.

కేదారుడు కత్తి పిడి మీద కుడిచెయ్యి వేశాడు. వేళ్లు ముడవలేదు. ఎడమచేత్తో కత్తి దూసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఇవాళ కత్తి నువ్వు పట్టుకోరా," అన్నాడు. "కళ్లెం నేను పడతాను."